మిమాస్: వ్యోమనౌకలు తీసిన చిత్రాల చరిత్ర

శనిగ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహాల్లో గుండ్రని ఆకారం ఉన్నవాటన్నిటిలోకీ చిన్నది మిమాస్. వ్యాసం సుమారు 396 కిలోమీటర్లు. దాదాపు అంతా మంచే. విలియం హెర్షెల్ 1789 సెప్టెంబరు 17న ఇంగ్లండులో తాను నిర్మించుకున్న 40 అడుగుల టెలిస్కోపుతో దీన్ని కనిపెట్టాడు. గ్రీకు పురాణాల్లోని ఒక రాక్షసుడి పేరును దీనికి సూచించింది ఆయన కుమారుడు జాన్, 1847లో. శని కాంతి పక్కన అది చిన్న చుక్కే. దాని ముఖం ఎలా ఉంటుందో మరో శతాబ్దం దాటినా ఎవరికీ తెలియలేదు.

పయొనీర్-11 వ్యోమనౌక 1979లో శని పక్కనుంచే వెళ్లినా మిమాస్ రూపం తెలిసేంత చిత్రం రాలేదు. ఆ ముఖాన్ని చూపింది 1980 నవంబరులో దాదాపు 88 వేల కిలోమీటర్ల దూరం నుంచి సాగిపోయిన వాయేజర్-1. ఒళ్లంతా స్ఫోటకపు మచ్చల్లా గోతులు. వాటి మధ్య 139 కిలోమీటర్ల వెడల్పున ఒక మహా బిలం, అంటే ఉపగ్రహం వ్యాసంలో మూడో వంతుకు పైగా. అంచు గోడల ఎత్తు 5 కిలోమీటర్లు. నట్టనడుమ 6 కిలోమీటర్ల శిఖరం. దెబ్బ మరికాస్త గట్టిగా తగిలి ఉంటే మిమాస్ ముక్కలయ్యేదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ బిలానికి హెర్షెల్ పేరే పెట్టారు. 1977 నాటి స్టార్ వార్స్ చిత్రంలోని ‘డెత్ స్టార్’ను అచ్చంగా పోలి ఉండడంతో ఆ ఫొటో లోకమంతా ప్రచారమైంది. సినిమా వచ్చిన మూడేళ్లకు గానీ ఈ బిలాన్ని ఎవరూ చూడలేదు.

2004లో శని కక్ష్యలో చేరిన కాసినీ 2010 ఫిబ్రవరి 13న మిమాస్‌కు 9,500 కిలోమీటర్ల దగ్గరికి వెళ్లింది. హెర్షెల్ బిలం తెల్లని గోడల మీద కిందికి జారిన నల్లని చారలు ఆ చిత్రాల్లో కనబడతాయి. పరారుణ పరికరం గీసిన ఉష్ణపటం మరింత విచిత్రం: మధ్యాహ్నపు ఎండ పడేచోట ఉండాల్సిన వెచ్చదనం ఉదయపు అంచున ఉంది. తేడా సుమారు 15 డిగ్రీలు. శక్తిమంతమైన ఎలక్ట్రాన్ల తాకిడికి పొడి మంచు గట్టిపడడమే దీనికి కారణమని తరువాత తేల్చారు.

అయితే ఈ చిత్రాల అసలు విలువ చూడడంలో కన్నా కొలవడంలో బయటపడింది. ఏళ్ల తరబడి తీసిన ఫొటోల్లో ఉపరితలం మీది గుర్తులను ఒకదానితో ఒకటి పోల్చి, మిమాస్ ఊగిసలాట అనుకున్నదానికి రెట్టింపు ఉందని 2014లో రదువాన్ తజెద్దీన్ బృందం ప్రకటించింది. అంత ఊగాలంటే లోపలి రాతి గర్భం సాగినట్టుగా ఉండాలి, లేదా మంచు కింద సముద్రం ఉండాలి. సముద్రమంటే నమ్మబుద్ధి కాలేదు. పొరుగు ఉపగ్రహం ఎన్సెలాడస్ మీద పగుళ్లు, నీటి ఊటలు కళ్లకు కనిపిస్తాయి. ఇక్కడ పాత గోతులు చెక్కుచెదరలేదు. 2024లో వలెరీ లైనే బృందం కాసినీ చిత్రాల నుంచే కక్ష్య మార్పులను లెక్కగట్టి సముద్రం వైపే మొగ్గింది. 20 నుంచి 30 కిలోమీటర్ల మంచు కింద నీరు ఉందనీ, దాని వయసు రెండున్నర కోట్ల ఏళ్లలోపేననీ ఆ బృందం అంచనా. ఉపగ్రహ చిత్రాల చరిత్రలో ఇంత ఓపికగా సాధించిన ఫలితాలు అరుదు.

కాసినీ 2017 సెప్టెంబరు 15న శని వాతావరణంలో కాలిపోయింది. ఆ తరువాత మిమాస్‌ను దగ్గరగా చూసిన వ్యోమనౌక మరొకటి లేదు.