బూజు పట్టిన వేరుశనగ, హైదరాబాద్ ఎలుకలు

1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు కొన్ని నెలల్లోనే చచ్చిపోయాయి. కారణం అంతుబట్టక మొదట ఆ జబ్బుకి ‘టర్కీ ఎక్స్’ అని పేరు పెట్టారు. చివరికి తేలిందేమిటంటే, దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కకి బూజు పట్టింది. ఆ బూజు వదిలే విషానికే తర్వాత అఫ్లటాక్సిన్ అని పేరొచ్చింది. కాలేయ కేన్సర్ తెప్పించే పదార్థాల్లో ఇంత బలమైనవి చాలా తక్కువ.

ఈ కథ మనదాకా రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అప్పట్లో దేశమంతా ఒకటే మాట: పేద పిల్లలకి ప్రొటీన్ చాలడం లేదు. పాలు ఖరీదు, పప్పు ఖరీదు. నూనె తీశాక మిగిలే వేరుశనగ పిండి చవక. మైసూరులోని ఆహార పరిశోధనా సంస్థ ఆ పిండిలో శనగపిండి కలిపి పిల్లలకోసం పౌష్టికాహారం తయారుచేసింది. సరిగ్గా అదే పిండిలో విషం ఉండొచ్చని ఇంగ్లండ్ నుంచి వార్త! రాయలసీమలో చెనిక్కాయల మధ్య పుట్టి పెరిగిన నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

హైదరాబాద్‌లో సి. గోపాలన్, టి.వి. మాధవన్ ఎలుకల మీద ప్రయోగాలు మొదలుపెట్టింది ఈ నేపథ్యంలోనే. ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా మనకి తెలిసిన ఆ సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది: అరకొర తిండి తినే పిల్లాడి కాలేయాన్ని ఈ విషం ఇంకా త్వరగా దెబ్బతీస్తుందా? అవుననే చెప్పింది 1965 నాటి ప్రయోగం. ప్రొటీన్ తక్కువైన ఎలుకపిల్లల కాలేయాలే ఎక్కువగా పాడయ్యాయి.

1968లో వచ్చిన ఫలితం మాత్రం తలకిందులు. చిన్న మోతాదులో చాలాకాలం విషమిస్తూ, కొన్ని ఎలుకలకి 20 శాతం కేసీన్, అంటే పాల ప్రొటీన్, ఉన్న తిండి పెట్టారు. మిగతావాటికి 5 శాతమే. కాలేయంలో కేన్సర్ గడ్డలు వచ్చింది బాగా తిన్నవాటికి. 5 శాతం గుంపులో బతికి ఉన్నవాటికి రాలేదు.

‘బతికి ఉన్నవాటికి’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఆ గుంపులో చాలా ఎలుకలు అంతకుముందే చచ్చిపోయాయి.

ఎందుకిలా? అఫ్లటాక్సిన్ తనంతట తానుగా కేన్సర్ తెప్పించదు. కాలేయంలోని ఎంజైములు దాన్ని అరిగించి బయటికి పంపబోతూ, మధ్యలో డీఎన్ఏకి అతుక్కునే రూపంలోకి మారుస్తాయి. శుభ్రం చేయబోయిన చెయ్యే కత్తి అందించినట్టన్నమాట. ఆ ఎంజైములు తయారవడానికి ప్రొటీన్ కావాలి. తిండి తగ్గితే వాటి చురుకు తగ్గుతుంది, డీఎన్ఏకి అతుక్కునే విషమూ తగ్గుతుంది. కానీ విషాన్ని విరిచే గ్లుటాథయోన్‌కీ, దెబ్బతిన్న కాలేయం కోలుకోవడానికీ కావలసింది కూడా ఆ ప్రొటీనే. ఒకే కొరత ఒక తలుపు మూసి, ఇంకో తలుపు తెరుస్తుంది.

ఫిలిప్పీన్స్‌లో పిల్లల పోషకాహారం మీద పనిచేస్తున్న అమెరికన్ శాస్త్రవేత్త కాలిన్ క్యాంప్‌బెల్‌ని ఈ హైదరాబాద్ పత్రమే దారి మళ్లించింది. 1970ల్లో ఆయన బృందం ఎంజైముల సంగతి తేల్చింది. ఆ తర్వాత, విషమివ్వడం ఆపేశాక కూడా ప్రొటీన్ పెంచితే గడ్డలకి మూలమైన కణాలు పెరుగుతాయనీ, తగ్గిస్తే తగ్గుతాయనీ చూపించింది. మంచి పనే. 2005లో వచ్చిన ‘ది చైనా స్టడీ’తో అది మాంసం, పాలు మానెయ్యమనే ఉద్యమానికి ఆధారమైంది. నాకు పేచీ అక్కడే. శాకాహారం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆకలితో ముందే చచ్చిన ఎలుకలు ఆ కథలో వెనక్కి వెళ్లిపోయాయి. గోపాలన్ మొదలుపెట్టిందే వాటికోసం కదా!

1974లో రాజస్థాన్, గుజరాత్‌లలోని ఆదివాసీ పల్లెల్లో అకాల వర్షాలకి మొక్కజొన్న బూజు పట్టింది. కామెర్లు వచ్చాయి, పొట్టలు ఉబ్బాయి, వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాద్ సంస్థవాళ్లే వెళ్లి అఫ్లటాక్సిన్ అని తేల్చారు. ఎంత ప్రొటీన్ తినాలన్న ప్రశ్న ఆ ఇళ్లల్లో ఎవరికీ రాలేదు. ఉన్నది ఆ మొక్కజొన్నే. అదే తిన్న వాళ్ల కుక్కలు కూడా అలాగే జబ్బుపడ్డాయి.