రెండు రకాల చిల్లులు

టెక్సస్‌లో శాన్ ఆంటోనియో దగ్గర హెలోటెస్ అని చిన్న ఊరు. 1969. వేదిక మీద గాయకుడు విల్లీ నెల్సన్, చేతిలో బాల్డ్విన్ కంపెనీ గిటార్. దాన్ని భుజం మీంచి దించి అక్కడే నేలమీద పెట్టి పక్కకెళ్లాడు. తాగి తూలుతున్న మనిషొకడు అటే వచ్చాడు. కాలు సరిగ్గా గిటార్ మీద పడింది.

విరిగినదాన్ని నాష్‌విల్‌కు, గిటార్లు బాగుచేసే షాట్ జాక్సన్ దగ్గరికి పంపారు. ఇది బాగయ్యేది కాదన్నాడాయన. తన దగ్గర మార్టిన్ ఎన్-20 గిటార్ ఒకటి ఉందనీ, కావాలంటే ఇస్తాననీ కబురు చేశాడు. పాతదాని పికప్ తీసి ఇందులో బిగించమని చెప్పి, కంటితో చూడకుండానే 750 డాలర్లకు కొనేశాడు విల్లీ. సినిమా కౌబాయ్ రాయ్ రోజర్స్ గుర్రం పేరే దానికీ పెట్టాడు: ట్రిగ్గర్.

మరుసటి ఏడాది టెనెసీలో విల్లీ ఇల్లు అంటుకుంది. మంటల్లోకి పరుగెత్తి ట్రిగ్గర్‌ను బయటికి తెచ్చాడు. 1990లో పన్ను బకాయిల కింద ఆస్తుల జప్తు మొదలైంది. అధికారులు వచ్చేలోపే కూతురు లానా గిటార్‌ను తప్పించేసింది.

ఇవాళ ట్రిగ్గర్‌ను చూస్తే ముందు కళ్లబడేది సౌండ్‌హోల్ కిందున్న పెద్ద చిల్లు. అది క్లాసికల్ గిటార్. నైలాన్ తీగలు, వేళ్లతో మీటే రకం. పిక్ దెబ్బలు చెక్కకు తగలకుండా ఉండే రేకు దానికి ఉండదు. విల్లీ ఏళ్ల తరబడి పిక్‌తోనే వాయించాడు. పైచెక్క అరిగి అరిగి చిల్లుపడింది. పాటలు పాడి సంపాదించుకున్న చిల్లు అది. గిటార్‌కు బెల్టు తగిలించబోయి మనం పెట్టే చిల్లుకు ఆ మర్యాద లేదు.

జహీరాబాద్ చర్చిల్లో నిలబడి గిటార్ వాయించే పిల్లలారా, ఈ మాట మీకే. మామూలు స్టీలు తీగల గిటార్‌కు అడుగున ఒక గుండీ ఉంటుంది. దాని వెనక, లోపల, దిమ్మ చెక్క ఉంటుంది కాబట్టి బరువు మోస్తుంది. చిక్కంతా బెల్టు రెండో కొసతోనే. పెట్టె పక్కచెక్క మందం రెండు మూడు మిల్లీమీటర్లే. అక్కడ స్క్రూ దించితే చీలిపోతుంది. బెజ్జం అక్కర్లేని దారి ఒకటుంది. గట్టి తాడో, షూలేసో తీసుకుని, తల దగ్గర నట్‌కూ తీగలు బిగించే మరలకూ మధ్య తీగల కిందనుంచి దూర్చి, వెనక ముడేసి బెల్టుకు కట్టండి. తీగల పైనుంచి కడితే శ్రుతి చెడుతుంది. నా ఓటు ఈ తాడు పద్ధతికే.

మెడ దగ్గర గుండీ కావాల్సిందేనంటే, మెడ వచ్చి పెట్టెను కలిసే చోట ఉబ్బుగా ఉండే చెక్కలోనే పెట్టాలి. స్క్రూ కంటే సన్నటి బిట్‌తో ముందు బెజ్జం వేసి, స్క్రూకు మైనం రాసి, చేత్తో తిప్పాలి. కొన్ని గిటార్లలో ఆ చెక్క లోపల బోల్టు ఉంటుంది. అది ఎక్కడుందో తెలియకుండా డ్రిల్ ముట్టుకోవద్దు. వీధి చివరి వడ్రంగి ఎంత పనిమంతుడైనా ఈ పని అప్పగించకండి. 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే హైదరాబాదే, గిటార్లు బాగుచేసేవాళ్లు అక్కడ ఉన్నారు.

గుండీలే లేని క్లాసికల్ గిటార్‌కు సౌండ్‌హోల్ అంచుకు తగిలించే కొక్కెం బెల్టు దొరుకుతుంది. కొక్కేనికి మెత్తటి తొడుగు ఉన్నదే కొనండి. అది వేసుకున్నంతసేపూ ఒక చెయ్యి గిటార్ మీదే ఉంచండి. రెండు చేతులూ వదిలితే ముందుకు బోర్లాపడుతుంది.