సంతులేని యిల్లాలి ప్రాణము

ఒక ధర్మము యొక్క విలువ తెలియవలెనన్న, అది యెవరిని కాపాడినదో చూచుట చాలదు. ఎవరిని విడిచిపెట్టినదో కూడ చూడవలెను. సహగమన చరిత్రము నీ దృష్టితో చదివితిమేని, బిడ్డలు లేని స్త్రీ ప్రాణమునకు మన పూర్వులు కట్టిన వెల తేటపడును.

కోలారు ప్రాంతమున తరతరములుగా నివసించు మన తెలుగు కుటుంబములకు మాస్తికల్లులు క్రొత్తవి గావు. గాజులు తొడిగిన చేయి పైకెత్తియున్న శిలను మహాసతికి గురుతుగా నిలిపిరి. ఇట్టి స్త్రీలనే తెలుగునాట పేరంటాండ్రని కొలిచిరి. మనము శిలకు పసుపు కుంకుమలు పెట్టుదుము గాని, చితి నెక్కిన యా యిల్లాలిని వెనుకకు పిలుచుటకు బిడ్డ యుండెనా యని యడుగుట యరుదు.

ఈ ప్రశ్నకు శాస్త్రమున చోటు కలదు. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున (1076–1126), నేడు బీదరు జిల్లాలో బసవకల్యాణమనబడు కల్యాణమున, విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించెను. గర్భిణులు కాని, పసిబిడ్డలు లేని స్త్రీలందరికిని సహగమనము సాధారణ ధర్మమని యందు చెప్పెను. ఈ మినహాయింపు దయతో చేసినదే. కాని యా దయ బిడ్డకు చెందినది. తల్లికి బిడ్డ పేరిట మాత్రమే లభించినది. ఒడిలో బిడ్డ లేని స్త్రీకి ఆ నీడయు లేదు.

భారతమున పాండురాజు మరణించినపుడు కుంతీమాద్రుల నడుమ జరిగిన వాదమును ఇచ్చట స్మరింపవలెను. ఎవరు చితి నెక్కవలెను, ఎవరు నిలువవలెను అను ప్రశ్నకు, అందరి బిడ్డలను సమముగా పెంచగలవారెవరను విచారమే తుదకు దారి చూపినది. ఇరువురికిని బిడ్డలుండిరి కనుక ఆ వాదమైన సాగినది. బిడ్డలే లేకున్న, బ్రదుకుటకు కారణముగా వారు చూపదగిన దేమి యుండెడిది?

మరియొక విషయము కలదు. కుటుంబమునుండి విభక్తుడై, పుత్రులు లేక మరణించినవాని యాస్తికి భార్యయే మొదటి వారసురాలని అదే మితాక్షర పలికినది. వంగదేశమున జీమూతవాహనుని దాయభాగము అవిభక్త కుటుంబమునందును ఆమెకు భాగ మిచ్చినది. ఆ దేశమున సహగమనములు పెరుగుట కిదియు నొక కారణమని కొందరు చరిత్రకారులు తలంచిరి. ఆస్తిపై హక్కు కలదు. అండగా బిడ్డ లేడు. అట్టి స్త్రీ మరణము జ్ఞాతులకు లాభమైన చోట, ఆమె సమ్మతిని మన మెట్లు నమ్మవలెను?

కుంపిణీవారును తొలుత ఈ కొలతనే గైకొనిరి. పండితుల నడిగి, 1813 మొదలు 1817 వరకు వంగ రాజధానిలో నిబంధనలు చేసిరి. గర్భిణులను, పదునారేండ్లు నిండనివారిని, పెంచువారు లేని పసిబిడ్డల తల్లులను చితి నెక్కనీయరాదనిరి. తక్కినవారి విషయమున బలాత్కారము లేకుండ చూచుటయే యధికారుల పని యయ్యెను. 1815 నుండి 1828 వరకు అచ్చట లెక్కకు వచ్చిన సహగమనములు 8,134. వీరందరును గొడ్రాండ్రు కారు. ఎదిగిన బిడ్డలుగల వృద్ధురాండ్రును పెక్కుమంది. బిడ్డ యెదిగినంతనే తల్లికి రక్షణ తొలగినదన్న, ఆ రక్షణ యెవరిదో వేరుగా చెప్పనేల?

రామమోహనరాయలు 1818 నుండి ఈ యాచారమును ఖండించుచు గ్రంథములు వ్రాసెను. 1829 డిసెంబరు 4వ తేదీన బెంటింకు శాసనము వచ్చెను. మరుసటి యేడు చెన్నపురి రాజధానియందును అట్టిదే వచ్చెను. తల్లియా, గొడ్రాలా యని యడుగక స్త్రీ ప్రాణమును ప్రాణముగా నెంచుటయే యందలి విశేషము.

ప్రాణము దక్కినను గౌరవము దక్కుటకు కాలము పట్టెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపినపుడు, వంటవారును నీళ్లవారును వెలికి వెరచి మానుకొనగా, రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి తామే నీరు మోసి తెచ్చిరి. ఆ దంపతులకు సంతానము లేదు. ఎందరో వితంతువులకు ఆమె తల్లియైనది.

ఆపద వచ్చినపుడు పసిబిడ్డ తల్లిని ముందుగా ఒడ్డు చేర్చుదమనుట సహజము. దానిని మేము తప్పుపట్టము. కాని రెండవ స్త్రీకి పడవ పంపుట మానుకొనుటకు అది కారణము కారాదు. సీమంతమునాడు సంతులేని మేనత్తను వెనుక వరుసలో కూర్చుండబెట్టు వేళ, మనము మాస్తికల్లును ఒక్కమారు తలచుకొందము గాక.