సముద్రానికి దూరమైనా.. సముద్ర విజ్ఞానం చేరువలోనే

మార్కాపురం: పశ్చిమ ప్రకాశంలోని విద్యార్థుల్లో సముద్రాన్ని పాఠ్యపుస్తకాల్లో తప్ప చూడనివారు అనేకులు. అయితే ఈ మెట్ట ప్రాంతానికీ సముద్రానికీ గల బంధం పైకి కనిపించేటంత స్వల్పమైనది కాదు. మార్కాపురం పేరును దేశమంతటికీ పరిచయం చేసిన పలక, వంద కోట్ల ఏళ్లకు పూర్వం ఇక్కడ ఉన్న సముద్రపు అడుగున పేరుకున్న బురద గట్టిపడి ఏర్పడిన రాయి. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం ప్రాంతం మీదుగా సాగే గుండ్లకమ్మ చివరకు బంగాళాఖాతంలో కలుస్తుంది. గిద్దలూరు వైపు నుంచి దక్షిణానికి పారే సగిలేరు పెన్నాలో చేరి, ఆ నది ద్వారా సముద్రానికే వెళుతుంది. ఇక్కడి చేలు తడవాలన్నా మేఘం కదలవలసింది సముద్రం మీది నుంచే. ఆ సముద్రాన్ని శోధించి, తెలుసుకున్న విషయాలను ప్రజలకు చెప్పే సంస్థల వివరాలు ఇవి.

విశాఖలో పరిశోధన కేంద్రం

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) 1947 ఫిబ్రవరి 3న ఏర్పాటైంది. 1967లో భారత వ్యవసాయ పరిశోధన మండలి పరిధిలోకి వచ్చింది. దీని ప్రధాన కార్యాలయం కేరళలోని కొచ్చిలో ఉంది. ఆంధ్ర తీరానికి సంబంధించిన పరిశోధనలు విశాఖపట్నం పాండురంగాపురంలోని ప్రాంతీయ కేంద్రంలో జరుగుతున్నాయి. సముద్ర అధ్యయనంలో విశాఖకు పాత చరిత్రే ఉంది. 1952లోనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి అధ్యాపకులు, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతంపై పరిశోధనలు సాగించారు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం సైతం విశాఖలోనే ఉంది.

చేపల లెక్క ఎలా తెలుస్తుంది?

సముద్రంలోని చేపలను ఎవరూ లెక్కించలేరు. అందువల్ల ఒడ్డుకు చేరిన చేపలనే శాస్త్రీయంగా లెక్కిస్తారు. తీరం పొడవునా గల చేపల రేవుల్లో కొన్నింటిని, నెలలో కొన్ని రోజులను, ఆ రోజుల్లో కొన్ని పడవలను నమూనాగా ఎంచుకుంటారు. సిబ్బంది ఆయా రేవులకు వెళ్లి ఏ వలకు ఏ జాతి చేప ఎంత పడిందో నమోదు చేస్తారు. దాని ఆధారంగా రాష్ట్రంలోని మొత్తం దిగుబడిని అంచనా వేస్తారు. చేప తలలో ఉండే చిన్న చెవిరాయిని సూక్ష్మదర్శినిలో పరిశీలించి, వలయాలను బట్టి దాని వయసును నిర్ణయిస్తారు. కడుపులోని ఆహారాన్ని, గుడ్ల ఎదుగుదలను కూడా పరీక్షిస్తారు. గుడ్లు పెట్టే కాలం ఈ విధంగానే తెలుస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు అమలయ్యే మరపడవల వేట నిషేధానికి ఇటువంటి పరిశీలనలే ఆధారం.

వేటపై భారం తగ్గించేందుకు సముద్రంలోనే పంజరాలు ఏర్పరచి చేపలను పెంచే విధానం దేశంలో తొలిసారిగా 2007లో విశాఖ తీరంలోనే మొదలైంది. అప్పుడు పెంచిన రకం పండుగప్ప. అనంతరం ఇండియన్ పాంపానో, గ్రూపర్ వంటి చేపల పిల్లల ఉత్పత్తిపైనా ఈ కేంద్రం కృషి చేసింది.

ప్రజలకు బోధన

పరిశోధన ఫలితం కాగితాలకే పరిమితమైతే ప్రయోజనం లేదు. అందుకే మత్స్యకారులకు పంజరపు సాగులో శిక్షణ ఇవ్వడం, చేప పిల్లలను పట్టే సన్నకన్ను వలల వల్ల కలిగే నష్టాన్ని వివరించడం, తిమింగల సొర, సముద్ర తాబేళ్ల వంటి రక్షిత జీవుల గురించి చెప్పడం ఇటువంటి కేంద్రాల విధుల్లో భాగం. వ్యవస్థాపక దినోత్సవం సందర్భంగా సంస్థ కేంద్రాల్లో విద్యార్థులను, ప్రజలను లోనికి అనుమతించి ప్రయోగశాలలు, భద్రపరచిన జీవుల నమూనాలను చూపించడం ఆనవాయితీ.

మెట్ట రైతుకు ఏమి సంబంధం?

హైదరాబాద్‌లో 1999లో ఏర్పాటైన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) పని తెలిస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. సముద్రంలో విడిచిన తేలియాడే యంత్రాలు సుమారు పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. రుతుపవనాల అంచనాకు, తుపాను బలపడే తీరును గుర్తించేందుకు ఈ సమాచారం ఉపకరిస్తుంది. 2002, 2009, 2023 సంవత్సరాల్లో పసిఫిక్ సముద్ర జలాలు వేడెక్కి ఎల్ నినో ఏర్పడినప్పుడు మన దేశంలో వర్షాలు తగ్గాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను కోస్తాలో చేతికొచ్చిన పంటలను దెబ్బతీసింది. వర్షంపైనే ఆధారపడిన రైతుకు విత్తనం ఎప్పుడు వేయాలన్నా, పంట ఎప్పుడు కోయాలన్నా సముద్రం నుంచి వచ్చే కబురు ముఖ్యమే.

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు ప్రకాశం తీర గ్రామాలకు ముందస్తు హెచ్చరిక చేసే వ్యవస్థ లేదు. ఆ అనుభవం తర్వాత 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం ప్రారంభమైంది. భూమి కంపించినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి తగ్గినా ఒడ్డున నిలబడి చూడరాదని, వెంటనే ఎత్తైన ప్రదేశానికి వెళ్లాలని ప్రతి విద్యార్థికీ చెప్పవలసి ఉంది. విహారానికి కొత్తపట్నం తీరానికి వెళ్లే మెట్ట ప్రాంత పిల్లలకు ఈ అవగాహన మరింత అవసరం.

సందర్శనకు వెళ్లదలచినవారు

విశాఖ ఇక్కడికి ఐదు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది. భువనేశ్వర్ - బెంగళూరు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నం, మార్కాపురం రోడ్డు, గిద్దలూరు మీదుగా నడుస్తుంది. విజ్ఞాన యాత్రకు వెళ్లే పాఠశాలలు విద్యార్థుల సంఖ్య, తరగతి, తేదీ తెలుపుతూ ముందుగా కేంద్రానికి లేఖ రాసి అనుమతి పొందడం మంచిది. అంత దూరం వెళ్లలేనివారు కొత్తపట్నం తీరంలోనే వలల రకాలను, ఒడ్డుకు వచ్చే చేపలను, శీతాకాలం చివర గుడ్లు పెట్టేందుకు వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల జాడలను ఉపాధ్యాయుల సమక్షంలో పరిశీలించవచ్చు.

అదీ వీలుకాని పాఠశాలలు గుండ్లకమ్మ ఒడ్డునే పాఠం మొదలుపెట్టవచ్చు. వర్షాకాలంలో ఆ నదిలో పడిన ప్లాస్టిక్ సంచి మల్లవరం జలాశయాన్ని దాటితే చేరేది సముద్రానికే. దానిని ఆహారమని భ్రమించి మింగే తాబేలును రక్షించే పని మార్కాపురంలోనూ చేయవచ్చని పిల్లలు గ్రహిస్తే, తీరంలోని పరిశోధన ఫలితం ఇక్కడికీ అందినట్లే.