శాదీ కార్డు, రంజాన్ టైంటేబుల్: ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రింటుకు సిద్ధం చేయడం ఎలా?

వరంగల్‌లో ముస్లిం ఇంటి శాదీ కార్డు తెరిస్తే కుడివైపు ఉర్దూ, ఎడమవైపు తెలుగు కనిపించడం మామూలే. పెద్దవాళ్లకు ఉర్దూ కావాలి. పిల్లలకు, పక్కింటివాళ్లకు, ఆఫీసు దోస్తులకు తెలుగు కావాలి. అయితే రెండు లిపులూ తప్పు లేకుండా చదవగలిగే మనిషి ప్రతి ఇంట్లోనూ ఉండరు. డీటీపీ సెంటర్‌లో కూర్చునే కుర్రాడికి చాలాసార్లు తెలుగు ఒక్కటే వచ్చు. ఉర్దూ భాగంలో ఒక నుక్తా ఎగిరిపోయినా, పదం ముక్కలైనా అక్కడ కనిపెట్టేవాళ్లు ఉండరు. ఐదొందల కార్డులు అచ్చయి ఇంటికొచ్చాక దాదీ కళ్లజోడు పెట్టుకుని చూసి, దూల్హా పేరు తప్పు పడిందని చెబుతుంది. అప్పటికి డబ్బులు కట్టేసి ఉంటారు.

ఇంట్లో ఒక మామూలు కంప్యూటరు ఉంటే ఈ పనిలో ఎక్కువ భాగం మనమే చేసుకోవచ్చు. ఫొటోలకు గింప్, బొమ్మలకూ అలంకార అక్షరాలకూ ఇంక్‌స్కేప్, అన్నీ పేజీలో అమర్చి పీడీఎఫ్ చేయడానికి స్క్రైబస్. మూడూ ఉచితం. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తాయి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించి కంప్యూటర్లోకి వైరస్‌ను పిలుచుకోవాల్సిన పని లేదు.

అక్షరం ఎక్కడ విరుగుతుంది?

మన దగ్గర చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో, కోరల్‌డ్రాలో అను ఫాంట్లతో తెలుగు కంపోజ్ చేస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లతో కొట్టిన తెలుగు మన కంటికి తెలుగే కానీ, కంప్యూటరు దృష్టిలో అది ఇంగ్లిష్ అక్షరాల కోడ్లకు తొడిగిన తెలుగు ముసుగు. ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపించేది అందుకే. ఫోన్‌లో కొట్టే తెలుగు మాత్రం యూనికోడ్. దాన్ని తీసుకెళ్లి పేజ్‌మేకర్‌లో అతికిస్తే వత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతాయి. కాబట్టి వాట్సాప్‌లో మ్యాటర్ పంపినా సెంటర్లో మళ్లీ మొదటి నుంచి టైపు చేస్తారు. తప్పులు దొర్లేది ఆ రెండో టైపింగ్‌లోనే.

ఉర్దూది ఇంకో కథ. నస్తాలీఖ్‌లో ప్రతి పదం కుడివైపు పైన మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. పక్క అక్షరాన్ని బట్టి అక్షరం ఆకారం మారిపోతుంది. అందుకే అచ్చు అక్షరాలు రాజ్యమేలిన కాలంలో కూడా ఉర్దూ పత్రికలు కాతిబ్‌ల చేతిరాతనే నమ్ముకున్నాయి. చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ పత్రిక చేతిరాతతోనే పేరు తెచ్చుకుంది. మీర్జా అహ్మద్ జమీల్ రాసిన వేల అక్షర గుచ్ఛాలతో నూరీ నస్తాలీఖ్ తయారై, 1981లో లాహోర్ ‘జంగ్’ పత్రిక దానితో వెలువడటం ఒక పెద్ద మలుపు. మన దేశంలో 1994లో ఇన్‌పేజ్ వచ్చాక సెంటర్లన్నీ దానికి అలవాటు పడ్డాయి. పాత ఇన్‌పేజ్ ఫైళ్లు కూడా అను లాంటివే, సొంత కోడ్లతో నడుస్తాయి.

గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ మూడూ యూనికోడ్‌ను నేరుగా తీసుకుంటాయి. స్క్రైబస్ విషయంలో మాత్రం వెర్షన్ చూసుకోవాలి. పాత 1.4లో తెలుగూ ఉర్దూ రెండూ విరిగిపోతాయి. 2024 జనవరిలో వచ్చిన 1.6 లేదా ఆ తర్వాతిది వేసుకోవాలి. అరబ్బీ, భారతీయ లిపులు ఇందులో సరిగ్గా కుదరడానికి పునాది వేసింది ఒమన్‌కు చెందిన డెవలపర్ల బృందం. మస్కట్‌లో పని చేసే అన్నయ్య పంపిన డబ్బులతో చెల్లెలి శాదీ చేసే ఇళ్లకు ఈ సంగతి కాస్త ముచ్చటగానే ఉంటుంది.

ఇక్కడ ఒకటే నియమం: ఉర్దూ రానివాళ్లు ఉర్దూ టైపు చేయకూడదు. దాదాజీయో ఖాలానో ఫోన్‌లో ఉర్దూ కీబోర్డుతో కొట్టి మెసేజ్‌గా పంపాలి. దాన్ని కాపీ చేసి అతికించడమే మన పని. అరబ్బీ కీబోర్డుతో కొట్టించకండి. కాఫ్, యే, హే అక్షరాల కోడ్లు అరబ్బీలో వేరు, ఉర్దూలో వేరు. చూడటానికి ఒకేలా ఉన్నా కొన్ని ఉర్దూ ఫాంట్లలో అవి విరుగుతాయి, లేదా ఖాళీ డబ్బాలుగా పడతాయి. అతికించాక పేరా దిశను కుడి నుంచి ఎడమకు మార్చాలి. ఫోన్ నంబరు మధ్యలో ఖాళీ ఉంచకూడదు. ఉర్దూ వాక్యంలో పది అంకెలను ఐదు, ఐదుగా విడదీసి రాస్తే రెండు ముక్కలూ స్థానాలు మార్చుకుంటాయి. నంబరు నంబరులాగే కనిపిస్తుంది కానీ ఫోన్ ఇంకెవరికో పోతుంది.

తెలుగులోనూ ఒక చిక్కు ఉంది. చార్‌బౌళి అని కొడితే ‘చార్బౌళి’ అని పడుతుంది, ఆసిఫ్‌నగర్ ‘ఆసిఫ్నగర్’ అవుతుంది. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు పెడితే వత్తు పడకుండా ఆగుతుంది. చాలా తెలుగు కీబోర్డుల్లో దానికి ఒక మీట ఉంటుంది. ఇక మహ్మద్, మొహమ్మద్, ముహమ్మద్‌లలో ఏది రాయాలన్నది ఆ మనిషి ఇష్టం. ఆధార్ కార్డు చూసి కాదు, ఆయన్నే అడిగి రాయాలి.

ఏ ఫాంట్లు?

తెలుగుకు మండలి, సూరన్న, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన ఫాంటు కూడా ఉచితమే. మన పాత వరంగల్ జిల్లా బమ్మెర కవి పేరు అది. సన్నని మ్యాటర్‌కు ఇప్పటికీ బాగుంటుంది. ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉర్దూ, 2022లో వచ్చిన గుల్జార్ ఉన్నాయి. నస్తాలీఖ్‌కు లైన్ల మధ్య దూరం తెలుగు కంటే బాగా ఎక్కువ ఇవ్వాలి. లేకపోతే పై లైను కింది లైను మీద కూర్చుంటుంది. డబ్బా పైఅంచులో మొదటి లైను తల తెగిపోవడం కూడా తరచూ జరిగేదే.

బిస్మిల్లా సంగతి వేరు. కార్డు చివరికి ఎక్కడ పడుతుందో అన్న భయంతో అరబ్బీలో వేయించని ఇళ్లున్నాయి, 786 తో సరిపెట్టుకునే ఇళ్లున్నాయి. అది వాళ్ల నిర్ణయం. ఖురాన్ ఆయత్ వేయించేటట్టయితే మాత్రం ఉర్దూ ఫాంటుతో కొట్టకండి. జబర్, జేర్, పేష్ గుర్తులు పక్కకు జరిగే ప్రమాదం ఉంది. సరిచూసిన కాలిగ్రఫీ వెక్టర్ ఫైలు తీసుకుని ఇంక్‌స్కేప్‌లో తెరిచి, కాగితం మీద తీసి, ఎవరైనా హాఫిజ్ సాబ్‌కు చూపించి ఆ తర్వాతే వాడాలి.

ముందు ప్రింటరును అడగండి

కార్డు ఎలా అచ్చవుతుందో తెలియకుండా పని మొదలుపెట్టొద్దు. రెడీమేడ్ కార్డు కొని లోపల బంగారు రంగులో మ్యాటర్ వేయించే పద్ధతైతే అది స్క్రీన్ ప్రింటింగ్. వాళ్లకు రంగుల ఫైలు అక్కర్లేదు. అసలు సైజులో, తెల్లటి పేజీ మీద చిక్కటి నలుపులో మ్యాటర్ ఉంటే చాలు. ట్రేసింగ్ మీద తీసి స్క్రీన్ చేసుకుంటారు. రెండు రంగులైతే రెండు పేజీలు. ఇందులో మరీ సన్నని గీతలు నిలబడవు. నుక్తాలు, తలకట్లు పూడుకుపోకుండా కాస్త లావు అక్షరాలే ఎంచుకోవాలి.

మల్టీకలర్ ఆఫ్‌సెట్ అయితే జాగ్రత్తలు పెరుగుతాయి. 5 అంగుళాలకు 7 అంగుళాల కార్డంటే 127 మిల్లీమీటర్లకు 178. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపితే 133కు 184. కటింగ్‌లో బ్లేడు అటూ ఇటూ జరిగినా అంచున తెల్ల గీత రాకుండా రంగును అక్కడి దాకా పరచాలి. అక్షరాలు మాత్రం కట్ అంచుకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. మడత కార్డైతే ఎటువైపు తెరుచుకోవాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఉర్దూ ముఖపత్రమైతే కుడివైపు నుంచి, తెలుగు అయితే ఎడమవైపు నుంచి. ఈ ఒక్కమాట ముందు అనుకోక కవర్ తలకిందులుగా మడత పడ్డ కార్డులు తక్కువేం కాదు.

రంగుల్లో మనవాళ్లను మోసం చేసేది ఆకుపచ్చ. ఫోన్ తెర మీద మెరిసే పచ్చ కాంతితో పుట్టింది. ప్రెస్సులో సయాన్, మజెంటా, ఎల్లో, బ్లాక్ అనే నాలుగు ఇంకులే ఉంటాయి, వాటితో ఆ మెరుపు రాదు. గింప్‌లో వ్యూ మెనూలో ప్రూఫ్ కలర్స్ పెట్టి చూస్తే అచ్చులో ఎంత మందగిస్తుందో ముందే అంచనా తెలుస్తుంది. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో ఈ సదుపాయం మెరుగైంది, సీఎంవైకేలో టిఫ్, జేపీజీ ఫైళ్లు కూడా తీయొచ్చు.

నలుపు అంతకంటే ముఖ్యం. గింప్, ఇంక్‌స్కేప్‌లలోని నలుపు తెర నలుపు. అలాగే వదిలేస్తే నాలుగు ఇంకులూ ఒకదాని మీద ఒకటి పడి నలుపవుతుంది. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది, రెండు నుక్తాలు ఒక మచ్చగా కలిసిపోతాయి. అందుకే మ్యాటరంతా స్క్రైబస్‌లోనే పెట్టి, దాని ‘బ్లాక్’ రంగు వాడాలి. అందులో ఒక్క నల్ల ఇంకే ఉంటుంది. ఇంక్‌స్కేప్ నుంచి తెచ్చిన అక్షరాలుంటే వాటిని ముందే ఆబ్జెక్ట్ టు పాత్‌తో గీతలుగా మార్చి తెచ్చుకోవాలి, స్క్రైబస్‌లోకి వచ్చాక రంగు మార్చాలి.

ఫొటోలైతే అంగుళానికి 300 పిక్సెళ్లు లెక్క. 5కు 7 అంగుళాల ఫొటోకు 1500కు 2100. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడుగువైపు 1600 పిక్సెళ్లకు తగ్గిపోతుంది, అది ఐదు అంగుళాలకు మించి నిలవదు. డాక్యుమెంట్‌గా పంపితే అసలు సైజు అలాగే ఉంటుంది. చిన్న ఫొటోను గింప్‌లో సాగదీస్తే పిక్సెళ్లు పెరుగుతాయి కానీ ముఖం స్పష్టం కాదు. దూరం నుంచి చూసే ఫ్లెక్స్‌కు ఇంత అక్కర్లేదు. పది అడుగులకు నాలుగడుగుల బ్యానర్‌కు 72 పిక్సెళ్ల లెక్కన 8640కు 3456 సరిపోతుంది.

రంజాన్ టైంటేబుల్ కార్డు

మస్జిద్ కమిటీలు, మండిబజార్ దుకాణాలు పంచే సహర్, ఇఫ్తార్ కార్డు చూడటానికి చిన్నదే. కానీ శాదీ కార్డులో తప్పు పడితే ఒక ఇంటి ఇబ్బంది, దీంట్లో తప్పు పడితే మొహల్లా అంతటి ఇబ్బంది. ముప్పై రోజులు, రోజుకు రెండు సమయాలు, అన్నీ చీమల్లాంటి అంకెలు. దీన్ని జేపీజీగా చేసి వాట్సాప్‌లో ప్రెస్సుకు పంపితే 3కూ 8కీ తేడా పోతుంది. అంకెలను స్క్రైబస్‌లో అక్షరాలుగానే ఉంచి, 7 పాయింట్లకు తగ్గకుండా, పీడీఎఫ్‌గానే ఇవ్వాలి.

హైదరాబాద్ కార్డును చూసి అంకెలు ఎక్కించుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. వరంగల్ అక్కడికి ఒక డిగ్రీకి పైగా తూర్పున ఉంది. ఇక్కడ తెల్లవారేదీ పొద్దుగూకేదీ సుమారు 4 నిమిషాలు ముందే. హైదరాబాద్ సమయంతో ఇఫ్తార్ చేస్తే కాస్త ఆలస్యమవుతుంది, అంతే. సహర్‌కు అదే నమ్ముకుంటే మాత్రం వేళ దాటాక కూడా తింటూనే ఉంటారు. వరంగల్‌కు లెక్కగట్టిన పట్టికను మస్జిద్ నుంచి రాతపూర్వకంగా తీసుకుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు కార్డులో సరిచూడాలి.

ప్రెస్సుకు ఇచ్చే ముందు

స్క్రైబస్‌లో ప్రీఫ్లైట్ వెరిఫయర్ నడిపిస్తే డబ్బాలో పట్టక మిగిలిపోయిన మ్యాటర్‌నూ పిక్సెళ్లు తక్కువైన ఫొటోలనూ చూపిస్తుంది. పీడీఎఫ్ తీసేటప్పుడు రంగుల భాగంలో ‘స్క్రీన్’ బదులు ‘ప్రింటర్’ ఎంచుకోవాలి, బ్లీడ్ కలపాలి, ఫాంట్లను అవుట్‌లైన్ చేయాలి. అవుట్‌లైన్ చేసిన అక్షరం ఇక అక్షరం కాదు, బొమ్మ. ప్రెస్సు కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా, అక్కడెవరికీ ఉర్దూ రాకపోయినా అది చెదరదు. కాకపోతే దిద్దడానికీ కుదరదు. కాబట్టి అసలు స్క్రైబస్ ఫైలు, ఫాంట్లు, ఫొటోలు ఒకే ఫోల్డరులో విడిగా దాచుకోవాలి. వలీమా వేళ మారితే మళ్లీ అదే తెరవాలి.

ఆ పీడీఎఫ్‌ను మామూలు ప్రింటరులో ‘యాక్చువల్ సైజ్’ పెట్టి ఏ4 కాగితం మీద తీయండి. ఫోన్‌లో చూపించి ఓకే అనిపించుకోవడం ప్రూఫ్ కాదు. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసుకుని చదువుతారు, చేతిలో కార్డును అలా చేయలేరు. ఉర్దూ చదివేవాళ్లతో ఒకసారి, తెలుగు చదివేవాళ్లతో ఒకసారి చదివించి, పేర్లు, తేదీ, వారం, షాదీఖానా చిరునామా, ఫోన్ నంబర్ల పక్కన పెన్నుతో టిక్కు పెట్టించాలి. నంబరుకు అక్కడే ఒకసారి రింగు ఇచ్చి చూడాలి. ఉర్దూ చదివేవాళ్లు ఎవరూ దగ్గర లేకపోతే, మెసేజ్‌లో వచ్చిన అసలు మ్యాటర్‌నూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి పదం పదానికీ నుక్తాలు లెక్కపెట్టండి. అక్షరాలు ఒక్కొక్కటిగా విడివిడిగా నిలబడి ఉంటే అది విరిగిన ఉర్దూ, ఆ సంగతి చదవడం రానివాళ్లకూ కనిపిస్తుంది. టిక్కులు పెట్టిన ఆ కాగితాన్ని పీడీఎఫ్‌తో పాటు ప్రెస్సులో ఇచ్చి, మొదటి కార్డు బయటికి రాగానే దానితో పోల్చి చూశాకే మిగతావి వేయమని చెప్పాలి.