ఎన్‌ఏడీ కొత్త రోడ్డు నుంచి వెంకటాపురం దాకా

విశాఖపట్నంలో గోపాలపట్నం, పెందుర్తి వైపు వచ్చే చాలా బస్సులు ఎన్‌ఏడీ కొత్త రోడ్డు మీదుగానే రావాలి. నౌకాదళం ఆయుధాలు దాచుకునే నేవల్ ఆర్మమెంట్ డిపో పక్కనే ఉంది కాబట్టి కూడలికి ఆ పేరు స్థిరపడిపోయింది. కొంచెం దక్షిణానికి వెళితే ఎయిర్‌పోర్టు. మనం టికెట్టు కొనుక్కుని విమానమెక్కుతాం గానీ ఆ రన్‌వే నేవీది, ఐఎన్‌ఎస్ డేగా. ఇంకా కిందికి మల్కాపురం, సింధియా, నేవల్ బేస్. మా వైపు పెళ్లిసంబంధాల్లో ‘అబ్బాయి డాక్‌యార్డులో’ అంటే మిగతా ప్రశ్నలు సగం తగ్గిపోతాయి. అందుకే ఈ ఊళ్లో ఏ ఉపద్రవం వచ్చినా జనం నోట వచ్చే మొదటి మాట ‘నేవీ వాళ్లకి చెప్పారా?’ అన్నదే.

ఆ నమ్మకం వెనక ఉన్న భూగోళం కూడా చూడాలి. 1933లో పోర్టు మొదలైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఓడలకు దొరికిన ఆ నీడే ఫ్యాక్టరీలనూ యుద్ధనౌకలనూ ఒకే చోటికి లాక్కొచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇక్కడ బాంబులు వేశాయంటే ఈ రేవు విలువ శత్రువుకీ తెలుసన్న మాట. 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ వచ్చింది, అదే తర్వాత హెచ్‌పీసీఎల్ అయింది. 1961లో వెంకటాపురం దగ్గర హిందుస్థాన్ పాలిమర్స్. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్. రక్షణకు వచ్చినవాళ్లూ ప్రమాదం తెచ్చినవాళ్లూ ఒకే తరంలో, ఒకే రేవు కోసం వచ్చి ఇరుగుపొరుగయ్యారు. ఊరి చరిత్ర రాసేవాళ్లు ఈ రెంటినీ వేరువేరు అధ్యాయాల్లో పెడతారు. నాకు మాత్రం అదంతా ఒకటే కథలా కనిపిస్తుంది.

1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారుజామున మల్కాపురంలోని ఆ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో వంటగ్యాసు లీకై, అంటుకుని, పేలింది. అరవై మంది దాకా పోయారు. నిప్పు ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు పాకింది. ఊరి మీద నల్లటి పొగ రోజుల తరబడి కదల్లేదు. మల్కాపురం, శ్రీహరిపురం జనం పిల్లల్ని చంకనేసుకుని, ఇళ్లకు తాళాలు వేసీ వేయకుండా, దొరికిన దారి పట్టుకుని పోయారు. అప్పటికి దేశంలో విపత్తుల చట్టం లేదు, జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) లేదు. నురగ చిమ్మే బండి, దాన్ని నడపడం తెలిసిన మనిషి ఎవరి దగ్గర ఉంటే వాళ్లే రావాలి. నేవీ, పోర్టు, స్టీల్‌ప్లాంటు అగ్నిమాపక దళాలు వచ్చింది అలాగే. ఆ పేలుడు గురించి మా పెద్దవాళ్లు చెప్పేటప్పుడు నేవీ పాత్ర మంటలార్పే పాత్రే.

ఇరవై మూడేళ్ల తర్వాత వచ్చిన ప్రమాదంలో మంట లేదు.

2020 మే 7. కరోనా లాక్‌డౌన్ మొదలై ఆరు వారాలు దాటింది. ఆర్.ఆర్. వెంకటాపురంలో పాత హిందుస్థాన్ పాలిమర్స్ 1997లోనే కొరియా వాళ్ల చేతికి వచ్చి ఎల్‌జీ పాలిమర్స్ అయింది. అక్కడి ఎం6 ట్యాంకులో రెండు వేల టన్నులకు కాస్త తక్కువగా స్టైరీన్ అనే రసాయనం ఉంది. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. తనలో తాను ముద్దకట్టి వేడెక్కకుండా టీబీసీ అనే నిరోధకం కలుపుతూ ఉండాలి. ఫ్యాక్టరీ మూతపడిన ఆ వారాల్లో ఈ రెండు పనులూ సరిగా జరగలేదు. పైపొరల్లో వేడి పెరిగి, ఆ వేడికి ఇంకా వేడి పుట్టి, తెల్లవారుజామున మూడు గంటల వేళ ఆవిరి బయటికి తన్నుకొచ్చింది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని గుమ్మాల్లోంచి ఇళ్లలోకి వస్తుంది. మే నెల ఉక్కకి కిటికీలు తీసుకుని, ఆరుబయట మంచాలేసుకుని పడుకున్న జనం మీదికి అలాగే వచ్చింది. వెంకటాపురం, వెంకటాద్రినగర్, నందమూరినగర్, పద్మనాభపురం, కంపరపాలెం వరసగా తగిలాయి. కళ్లు మండి లేచినవాళ్లు పరుగెత్తారు, పరుగెత్తినవాళ్లలో చాలామంది రోడ్డు మీదే కుప్పకూలారు. చీకట్లో దారి కనబడక పడి పోయినవాళ్లూ ఉన్నారు. మొత్తం పన్నెండు మంది చనిపోయారు. పశువులు కట్టుగొయ్యల దగ్గరే పడిపోయాయి. చెట్ల ఆకులు మాడిపోయాయి.

ఆ మొదటి రెండు గంటల్లో అక్కడ ఉన్నది ఎవరు? ఫోన్లందుకుని వచ్చిన పోలీసులు, 108 సిబ్బంది, పక్క వీధుల కుర్రాళ్లు, ఆటోవాళ్లు. సరైన మాస్కు లేకుండా లోపలికి వెళ్లిన పోలీసుల్లో కొందరు తామే ఆసుపత్రి పాలయ్యారు. కరోనా భయంతో మనిషిని మనిషి ముట్టుకోని రోజులవి. అయినా స్పృహ తప్పినవాళ్లను భుజాల మీద వేసుకుని తెచ్చారు. ట్యాంకును గాలికొదిలేయడానికి కారణమైన లాక్‌డౌనే రోడ్లు ఖాళీగా ఉంచి అంబులెన్సులను కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కి తొందరగా చేర్చింది. దీన్ని అదృష్టం అనాలో ఏమనాలో నాకు తెలియదు.

తర్వాత దళాలు వచ్చాయి. విశాఖలోనే ఉన్న ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందం ఇల్లిల్లూ వెతికింది. రసాయన ప్రమాదాల్లో తర్ఫీదు పొందిన మరో బృందం పుణె నుంచి విమానంలో వచ్చింది. మా వాళ్లు వీళ్లందరినీ కలిపి ‘మిలిటరీ’ అనేస్తారు గానీ 2006లో ఏర్పడిన ఈ దళంలో ఉండేది సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి బలగాల నుంచి వచ్చినవాళ్లు, సైన్యం కాదు. మరి సైన్యం ఏం చేసింది? ఇక్కడే నాకు ఈ కథ ఆసక్తిగా ఉంటుంది.

నేవీ కేజీహెచ్‌కు ఐదు ఆక్సిజన్ మానిఫోల్డులు పంపింది. చూడటానికి పెద్ద వస్తువేం కాదు. ఒక పెద్ద సిలిండరుకు ఆరు కొమ్మల గొట్టం బిగిస్తారు. ఒక్కో కొమ్మ చివర ఒక మాస్కు. ఒకే సిలిండరుతో ఆరుగురు ఊపిరి పీల్చుకోవచ్చు. నేవల్ డాక్‌యార్డు మనుషులు దాన్ని తయారుచేసింది గ్యాసు ప్రమాదాల కోసం కాదు, కరోనా కోసం. వెంటిలేటర్లు చాలవన్న భయంతో ఆ వేసవిలోనే ఆలోచించి, తమ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణిలో పరీక్షించి చూశారు. ఒకేసారి వందల మంది వచ్చి పడి, ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు పిల్లలున్న వార్డులో ఆ ఆరు కొమ్మల గొట్టం విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

వాయుసేన చేసిన పని కూడా సరుకు మోయడమే, యుద్ధం లాంటిదేం కాదు. రెండు ఏఎన్-32 విమానాలు గుజరాత్‌లోని ముంద్రా నుంచి 8.3 టన్నుల రసాయనాలు తెచ్చాయి. అందులో సుమారు 1,100 కిలోలు టీబీసీ, మిగతాది ట్యాంకులో ముద్దకట్టడాన్ని ఆపే ఇతర మందులు. స్టైరీన్ గురించి తెలిసిన నిపుణులనూ విమానంలో తీసుకొచ్చారు. డేగా రన్‌వేకీ ఎం6 ట్యాంకుకీ మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లే. ఫ్యాక్టరీలో ముందే సరిపడా నిల్వ ఉండాల్సిన మందు దేశం ఆ చివర నుంచి ఈ చివరకు ఎగిరి రావాల్సి వచ్చింది.

ఇలాంటి సాయానికి పద్ధతి ఉంది. జిల్లాలో కలెక్టరు రాతపూర్వకంగా అడగాలి, ఏం కావాలో చెప్పాలి. వచ్చే బలగం తన అధికారి ఆజ్ఞల కిందే పనిచేస్తుంది గానీ పెత్తనం మాత్రం సివిల్ యంత్రాంగానిదే. అవసరం తీరగానే వెనక్కి పంపేయాలి. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు కాగితం కోసం ఆగకుండా స్థానిక కమాండరు కదలొచ్చు. మంచి పద్ధతే. కాకపోతే, అడగాల్సిందేమిటో కలెక్టరుకు తెలియాలంటే ట్యాంకులో ఏముందో, అది ఎటు పాకుతుందో, ఏ ఆసుపత్రిలో ఎన్ని మాస్కులున్నాయో ముందే రాసి ఉండాలి. భోపాల్ గ్యాసు ప్రమాదం తర్వాత 1989లో వచ్చిన రసాయనాల నియమాలు ఆ పనే జిల్లా మీద పెట్టాయి. ఫ్యాక్టరీ గోడ బయట ఏం చేయాలో చెప్పే ప్రణాళిక ఉండాలి, ఏడాదికోసారి దాన్ని ఆచరించి చూడాలి. మా వీధిలో అలాంటిది జరిగినట్టు గుర్తున్నవాళ్లు నాకు ఎదురుపడలేదు. 7వ తేదీ రాత్రి మళ్లీ ఆవిరి వస్తోందన్న మాట పాకినప్పుడు ఆ లోపం బయటపడింది. ఎవరు చెప్పారో, ఎంత దూరం పోవాలో తెలియక గోపాలపట్నం, వేపగుంట జనం అర్ధరాత్రి రోడ్డెక్కారు.

రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ జులైలో నివేదిక ఇచ్చింది. ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 మీటలున్నాయి, గేటు దగ్గర కూడా ఒకటుంది. ఒక్కటీ నొక్కలేదు. నేవీ ఎంత దగ్గరున్నా, విమానం ఎంత తొందరగా దిగినా, నిద్రపోతున్నవాడిని లేపే పని వాళ్లది కాదు.

ఫ్యాక్టరీలోనూ పోర్టు ట్యాంకుల్లోనూ మిగిలిన 13,000 టన్నుల స్టైరీన్‌ను ఓడలెక్కించి కొరియాకు తిప్పి పంపారు. వెంకటాపురం వరకు ఆ భయం తీరింది. మల్కాపురంలో మాత్రం రిఫైనరీని ఏడాదికి 8.3 మిలియన్ టన్నుల నుంచి 15 మిలియన్ టన్నులకు పెంచారు. దాని గోడ పక్కనే శ్రీహరిపురం, దాన్నానుకుని నేవీ క్వార్టర్లు. ఇకమీదట మాక్ డ్రిల్ జరిపితే గేటు లోపల ఫొటోలతో సరిపెట్టకుండా ఆ వీధుల్లో జరపాలి. కనీసం ఒక్కసారైనా, చెప్పాపెట్టకుండా, తెల్లవారుజామున మూడింటికి జరపాలి.