బుల్లెట్టు ఊపిరి గొట్టం

రావులపాలెం అరటి మార్కెట్టుకి గెలలు మోసుకొచ్చే పాత టీవీఎస్ మోపెడ్డుకి లేని తంటా ఒకటి, దాని పక్కన దర్జాగా స్టాండు వేసుకుని నిలబడ్డ పాత బుల్లెట్టుకి ఉంది. మోపెడ్డు ఇంజిన్ టూ స్ట్రోకు. పెట్రోలు, గాలి కలిసి పిస్టన్ కిందుండే క్రాంక్ కేసు గదిలోంచే పైకి వెళ్తాయి కాబట్టి ఆ గదిలోంచి గాలి పోతే బండి లాగదు. బుల్లెట్టు ఫోర్ స్ట్రోకు. దానికి క్రాంక్ కేసులో గాలి బయటికి పోయే దారి లేకపోతేనే చిక్కు.

పాత 350 బుల్లెట్టు కొలత 346 సీసీ. పిస్టన్ దిగినప్పుడల్లా కింద గదిలో అంత మేర గాలి నలుగుతుంది, ఎక్కినప్పుడు అంత చోటూ ఖాళీ అవుతుంది. నిమిషానికి 3000 చుట్లంటే సెకనుకి 50 సార్లు. లెక్క కడితే సెకనుకి 17 లీటర్ల పైచిలుకు. దీనికి తోడు రింగుల సందుల్లోంచి కొంత పొగ ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. దారి దొరకని ఆ ఒత్తిడి ప్యాకింగులనీ ఆయిల్ సీళ్లనీ వెతుక్కుంటుంది.

మోటారు సైకిళ్ల తొలి రోజుల్లో ఇదో సమస్యే కాదు. నడిపేవాడే చేతి పంపుతో కాస్త కాస్త నూనె కొట్టేవాడు, అది కొంత కాలిపోయి, కొంత కారిపోయేది. కొన్ని బళ్లలో క్రాంక్ కేసు పీల్పునే నూనె లాక్కోవడానికి వాడుకున్నారు. అదే నూనె మళ్లీ మళ్లీ తిరిగే పద్ధతి వచ్చాకే క్రాంక్ కేసు గాలి బయటికి పోయే ఊపిరి దారికి, అంటే బ్రీదరుకి, ఓ లెక్క అవసరమైంది. 1936లో హార్లీ డేవిడ్‌సన్ నకిల్‌హెడ్‌కి పిస్టన్ కదలికతో తాళం కలిపి తిరిగే బ్రీదర్ గేరు పెట్టారు. మరుసటి ఏడాది ఎడ్వర్డ్ టర్నర్ గీసిన ట్రయంఫ్ స్పీడ్ ట్విన్‌లో రెండు పిస్టన్లూ ఒకేసారి ఎక్కి ఒకేసారి దిగుతాయి. అందుకని ఇన్లెట్ క్యామ్ చివర తిరిగే వాల్వు అమర్చారు. బీఎండబ్ల్యూ బాక్సర్‌కీ అదే అవస్థ, పిస్టన్లు రెండూ ఒకేసారి లోపలికొస్తాయి. అప్పటి బ్రిటిష్ బళ్లు చాలావాటిలో ఈ ఊపిరి గొట్టాన్ని వెనక చెయిన్ మీదికి వదిలేవారు. బయటికొచ్చే నూనె ఆవిరితో చెయిన్ తడిసేదన్నమాట. పిసినారి తెలివే గాని, మెచ్చుకోవాల్సిందే.

1955లో ఇంగ్లండులోని బుల్లెట్టు కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాని పెట్టింది, ఆ తర్వాత తిరువొత్తియూరులో బుల్లెట్టు తయారీ మొదలైంది. మన పాత బుల్లెట్టు బ్రీదరులో గేర్లూ తాళాలూ లేవు. గొట్టం చివర బాతు ముక్కులా చదునుగా ఉండే రబ్బరు ముక్క, అంతే. పిస్టన్ దిగితే పెదాలు విడతాయి, ఎక్కితే మూసుకుంటాయి. గాలి బయటికే గాని లోపలికి రాదు కాబట్టి క్రాంక్ కేసులో సగటున కొంచెం వెలితి నిలుస్తుంది, నూనె బయటికి తోసుకురాదు. ఏళ్ల తరబడి వేడికీ నూనెకీ ఆ రబ్బరు బిరుసెక్కితే పెదాలు కలవవు. బండి కింద చుక్కలు మొదలవుతాయి. బుల్లెట్టంటే ఆయిల్ కారాల్సిందేనన్న పేరులో సగం పాపం ఈ రబ్బరుదేనని నా అనుమానం. ప్యాకింగు మీద ప్యాకింగు మారుస్తారు, దీని జోలికి మాత్రం పోరు.

పరీక్ష తేలిక. ఇంజిన్ నడుస్తుండగా గొట్టం మూతికి వేలు ఆనించాలి. బయటికే తడితే వాల్వు బాగున్నట్టు. వేలు లోపలికీ లాగుతుంటే రబ్బరు పోయినట్టు. ఆగకుండా పొగ కొడుతుంటే వాల్వు మార్చి లాభం లేదు, రింగులు చూడాలి, బోరు చేయించాల్సీ రావచ్చు.

ఇంకో తిరకాసుంది. బుల్లెట్టు నూనె అరలోంచి, బండి నాలుగు రోజులు కదలకపోతే, ఆయిల్ మెల్లగా క్రాంకు గదిలోకి దిగుతుంది. పొద్దున్నే చూసినవాడు తగ్గిందనుకుని పోసేస్తాడు. స్టార్టు చేయగానే పంపు కిందున్నదంతా పైకి చేరుస్తుంది, ఎక్కువైంది బ్రీదరు కక్కేస్తుంది. కాసేపు తిప్పాకే కొలత చూడాలి.

రావులపాలెం లాంటి కోనసీమ ఊళ్ల చెమ్మకి ఈ గొట్టం బెడద మరికాస్త పెరుగుతుంది. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి ఇంజిన్ బాగా కాగితేనే బయటికి పోతుంది. కాలవ గట్టు మీద ఊరి నుంచి మార్కెట్టుకీ, మార్కెట్టు నుంచి ఊరికీ తిరిగే బండి అంతగా కాగదు. ఆ నీరు నూనెతో కలిసి గొట్టంలో తెల్లటి నురగగా పేరుకుంటుంది. దారి మూసుకుపోతే ఒత్తిడి మళ్లీ సీళ్ల మీదికే.

క్రాంక్ కేసు పొగని బయటికి వదలొద్దన్న పట్టు ముందు కార్లకి వచ్చింది. 1960ల మొదట్లో కాలిఫోర్నియా కొత్త కార్లలో దాన్ని తిరిగి ఇంజిన్‌లోకే పంపే ఏర్పాటు కావాలంది. ఇప్పుడు మన బళ్లలోనూ గొట్టం ఎయిర్ ఫిల్టరు పెట్టెలోకే వెళ్తుంది. నూనె ఎక్కువ పోస్తే ఇప్పుడు తడిసేది చెయిన్ కాదు, ఫిల్టరు. ఆ పెట్టె అడుగున చిన్న డ్రెయిన్ గొట్టం, దానికో మూత ఉంటాయి. వానాకాలంలో మెకానిక్కు చేత అప్పుడప్పుడూ అది తీయించి చూస్తే, నల్లటి నీళ్లో తెల్లటి నురగో ఎంత చేరిందో తెలుస్తుంది.